బీరువా పక్కన పెడితే ఖిబ్లా దొరకదు

సంపాదకులకు,

రంజాన్ వస్తే చాలు, ఖిబ్లా, అంటే నమాజులో మనం తిరగాల్సిన మక్కాలోని కాబా దిక్కు, చూపించే యాప్‌ల గురించి అందరూ చెప్తారు, కానీ అవి ఎప్పుడు తప్పుతాయో ఒక్కరూ చెప్పరు. పోయిన నెల హైదరాబాద్‌లోనే అద్దె ఇల్లు మారాం. మా నాన్న తన పాత ఖిబ్లా కంపాస్ తీశారు, అదే, ఊరికో నంబరు రాసి ఉన్న చిన్న పుస్తకంతో పాటు వచ్చే ఇత్తడి డబ్బీ. అందులో ముల్లు ఒకవైపు, నా ఫోన్‌లో బాణం ఇంకోవైపు! జానమాజ్ (నమాజు చాప) చేతిలో పట్టుకుని అమ్మ నిలబడే ఉంది. తీరా చూస్తే కంపాస్ పెట్టింది ఇనప బీరువా పక్కన, నా ఫోన్ కవర్‌కేమో అయస్కాంతం బటన్. రెండూ తప్పే.

హైదరాబాద్ నుంచి కాబా సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 13 డిగ్రీలు జరగాలి. బయట ప్రయాణంలో ఉండి ఏదీ తెలియకపోతే తోచిన దిక్కుకి చదివినా నమాజు అవుతుంది, అది వేరే సంగతి.

అసలు ఏ యాప్ అక్కర్లేని పద్ధతి ఒకటుంది. మే 28 ప్రాంతంలో మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 2:48కి, జులై 16 ప్రాంతంలో 2:57కి సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషంలో డాబా మీద నిటారుగా ఒక కర్ర నిలబెట్టండి, నీడ పడ్డ వైపుకి సరిగ్గా ఎదురు దిక్కే ఖిబ్లా. జులైలో మబ్బులుంటే కష్టమే, మే నెలైతే ఎండకి కొదవేముంది! ఆ రెండు తేదీలూ నమాజు వేళల పట్టికతో పాటు మీ పేపర్లో వేస్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, హైదరాబాద్