డబుల్ డెక్కర్‌కు ముందు రూటు కావాలి, తరువాత ఇంజిన్

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నగర రూట్లలో డబుల్ డెక్కర్ బస్సులను మళ్లీ ప్రవేశపెట్టాలన్న మాట ఎప్పుడు వచ్చినా, చర్చ ఇంజిన్ దగ్గర మొదలై ఇంజిన్ దగ్గరే ఆగిపోతున్నది. డీజిల్‌కు బ్యాటరీ తోడైన హైబ్రిడ్ బస్సు మేలా, పూర్తిగా విద్యుత్తుతో నడిచే బస్సు మేలా అని వాదించేవారు చాలామంది ఉన్నారు కాని, ఆ బస్సు ఏ నంబరుతో, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని నిమిషాలకు ఒకటి చొప్పున, ఏ చార్జీతో నడవాలని అడిగేవారు కనబడరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఈ రెండో ప్రశ్నే అసలు ప్రశ్నగా తోస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

రెండంతస్తుల బస్సు ఈ నగరానికి కొత్త కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసులు పెరిగి పెద్దవైన క్రమంలో డబుల్ డెక్కర్లూ వచ్చాయి. సికింద్రాబాద్, జూపార్క్‌ల మధ్య తిరిగిన 7జెడ్ వంటి రూట్లలో అవి మామూలు చార్జీకే మామూలు జనాన్ని మోశాయి. ఫ్లైఓవర్లు పెరగడం, పాతబడిన బండ్ల నిర్వహణ భారం కావడం వంటి కారణాలతో 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో అవి రోడ్డెక్కడం మానేశాయి. 2020 నవంబరులో ఒక పౌరుడు పాత బస్సు ఫోటోతో ట్విట్టర్‌లో అడిగినప్పుడు, అప్పటి మంత్రి కె. తారక రామారావు అబిడ్స్‌లో బడికి వెళ్లే రోజుల్లో ఆ బస్సులను చూసిన జ్ఞాపకం చెప్పి, వాటిని మళ్లీ తేగలమేమో చూడమని రవాణా మంత్రిని కోరారు. ఆర్టీసీ అధికారులు రూట్లు కూడా పరిశీలించారు. చివరకు బస్సులు కొన్నది మాత్రం ఆర్టీసీ కాదు, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ. ఒక్కొక్కటి 2.16 కోట్ల రూపాయల చొప్పున ఆరు విద్యుత్ డబుల్ డెక్కర్లకు ఆర్డరిచ్చి, 2023 ఫిబ్రవరి 7న తొలి మూడింటిని ప్రారంభించారు. ఆ వారంలోనే ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. అది ముగిశాక ఆ బస్సులు హుస్సేన్‌సాగర్ చుట్టూ సందర్శకులను తిప్పడానికి పరిమితమయ్యాయి.

సరిగ్గా అదే నెలలో ముంబయిలో నగర బస్సులు నడిపే బెస్ట్ సంస్థ, మన బస్సులను చేసిన స్విచ్ మొబిలిటీ కంపెనీయే తయారుచేసిన విద్యుత్ డబుల్ డెక్కర్‌ను ఛత్రపతి శివాజీ టెర్మినస్ నుంచి నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ కళాకేంద్రం దాకా వెళ్లే 115 నంబరు రూటులో పెట్టింది. అప్పటి కనీస చార్జీ ఆరు రూపాయలు. రైలు దిగిన గుమాస్తా ఆఫీసుకు వెళ్లడానికి ఎక్కే బస్సు అది. అదే సంవత్సరం సెప్టెంబరు 15న పాత డీజిల్ డబుల్ డెక్కర్ చివరి ట్రిప్పు తిరిగేనాటికి దాని వారసురాలు రోడ్డు మీద ఉంది. ఒకే కంపెనీ బండి ఒక నగరంలో రోజువారీ బస్సయింది, మరో నగరంలో విహార వాహనమయింది. ఈ తేడా ఇంజిన్ వల్ల రాలేదు. 2025 ఆగస్టులో విశాఖపట్నంలో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వరకు ప్రారంభించిన బస్సులు కూడా పర్యాటకుల కోసమే. విశాఖకు అది తగిన పనే కావచ్చు, సముద్రతీరాన్ని పైనుంచి చూడటం బాగానే ఉంటుంది. హైదరాబాద్ అవసరం వేరు.

ఆ అవసరమేమిటో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఉదయంపూట ఏ బస్టాపులో నిలబడినా తెలుస్తుంది. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో అడుగుపెట్టే చోటు కరువైంది. అయితే డబుల్ డెక్కర్ తెస్తే ఆ రద్దీ సగానికి తగ్గుతుందనుకోవడం పొరపాటు. మామూలు పన్నెండు మీటర్ల సిటీ బస్సులో నలభై పైచిలుకు సీట్లుంటాయి, నిలబడేవారిని కలిపితే ఆ సంఖ్య చాలా పెరుగుతుంది. డబుల్ డెక్కర్ పై అంతస్తులో నిలబడనివ్వకూడదు. కనుక మొత్తం జనం లెక్కలో రెండింటికీ మనం ఊహించినంత తేడా ఉండదు. తేడా సీట్లలో ఉంది: నగరానికి వచ్చిన బస్సు సుమారు పది మీటర్ల పొడవులోనే 65 మందిని కూర్చోబెడుతుంది. రెండు స్టాపుల తరువాత దిగేవాడు మెట్లెక్కి పైకి వెళ్లడు. గంటకు పైగా ప్రయాణించేవాడు సీటు దొరుకుతుందంటే తప్పక ఎక్కుతాడు. కాబట్టి డబుల్ డెక్కర్ పొడవాటి రూటు బండి. ట్యాంక్‌బండ్ మీద చక్కర్లకు దాన్ని వాడటం దాని గుణాన్ని వృథా చేయడమే.

ఇక హైబ్రిడ్ సంగతి. మాటిమాటికీ ఆగే సిటీ బస్సుకు ఈ పద్ధతి బాగా నప్పుతుందనడంలో సందేహం లేదు. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని బ్యాటరీ దాచుకుని, మళ్లీ కదిలేటప్పుడు మోటారుకు అందిస్తుంది. కొన్ని రకాల్లో డీజిల్ ఇంజిన్ చక్రాలను అసలు తిప్పదు, జనరేటర్‌ను మాత్రమే తిప్పుతుంది. చార్జింగ్ కోసం బండి డిపోలో గంటల తరబడి నిలబడనవసరం లేదు. లండన్ 2007లోనే హైబ్రిడ్ డబుల్ డెక్కర్‌ను రూటులో పెట్టింది. 2012 ఫిబ్రవరిలో 38 నంబరు రూటులో మొదలైన ‘కొత్త రూట్‌మాస్టర్’ అనే హైబ్రిడ్ డబుల్ డెక్కర్లను తరువాత వెయ్యి దాకా కొన్నది. మూడు తలుపులు, రెండు మెట్ల వరుసలు ఉన్న ఆ బస్సు ఎక్కడానికీ దిగడానికీ సౌకర్యంగానే ఉన్నా, కిటికీలు తెరుచుకోకపోవడంతో వేసవిలో పై అంతస్తు ఉడికిపోతున్నదని జనం గోల పెట్టారు. 2015 నుంచి తెరుచుకునే కిటికీలు అమర్చవలసి వచ్చింది. లండన్ ఎండకే అంత ఇబ్బంది అయితే మన మే నెల మాట చెప్పనక్కరలేదు.

హాంకాంగ్ అనుభవం మనకు మరింత దగ్గరగా ఉంటుంది. అక్కడి ప్రభుత్వం 2014లో ఆరు హైబ్రిడ్ డబుల్ డెక్కర్లకు డబ్బిచ్చి బస్సు కంపెనీల చేత పరీక్షగా నడిపించింది. ఆశించినంత ఇంధనం ఆదా కాలేదు; ఎండ, ఉక్కపోత, ఎత్తుపల్లాల దారులు, ఎప్పుడూ ఆడవలసిన ఏసీ కలిసి ఆ లాభాన్ని చాలావరకు మింగేశాయి. లండన్ సైతం 2021 నుంచి కొత్తగా తీసుకునే బస్సులన్నీ పొగలేనివే కావాలని నిర్ణయించుకుంది. ఇక్కడ చూస్తే, పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కేంద్రం హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించింది. వాటి కోసం డిపోల్లో చార్జింగ్ ఏర్పాట్లు ఎలాగూ పెరగాలి. అందువల్ల హైబ్రిడ్‌కు మన దగ్గర చోటు చిన్నదే: ఒక్కసారి చార్జి చేస్తే 150 కిలోమీటర్లు అన్న విద్యుత్ బండి రోజు మొత్తం షెడ్యూలు పూర్తి చేయలేని శివారు రూట్లు, డిపోకు సరిపడా కరెంటు లైను ఇంకా రాని చోట్లు. అక్కడ వాడితే తప్పులేదు. నగరమంతటికీ హైబ్రిడ్ అనడం మాత్రం పదేళ్ల కిందటి ఆలోచన.

కొనేవారు తరచుగా మరిచే ఖర్చు ఒకటుంది, అది కండక్టర్. పాత రోజుల్లో ముంబయిలో ఒక్కో డబుల్ డెక్కర్‌కు ఇద్దరు కండక్టర్లు ఉండేవారు. వాటిని తగ్గించుకుంటూ రావడానికి ఆ జీతాల భారం కూడా ఒక కారణమే. మన దగ్గర ఇప్పుడు డ్రైవరే టికెట్లిచ్చే సర్వీసులు వచ్చాయి. ఆ అలవాటులో డబుల్ డెక్కర్‌ను కూడా ఒక్క కండక్టర్‌తో నెట్టుకురావచ్చని ఎవరైనా లెక్క వేస్తే అది కాగితం మీదే కుదురుతుంది. మహాలక్ష్మి కింద ప్రయాణించే ప్రతి మహిళకూ గుర్తింపు కార్డు చూసి డబ్బు తీసుకోని జీరో టికెట్ కొట్టాలి. ఆ టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లించాలి. కింద తొక్కిసలాటలో ఉన్న కండక్టర్ పైకి ఎక్కేలోపు నాలుగు స్టాపులు దాటిపోతాయి. పైన కొట్టని ప్రతి టికెట్టూ సంస్థకు నష్టమే, అది డబ్బు టికెట్టయినా జీరో టికెట్టయినా. కాబట్టి పైన ఒకరు, కింద ఒకరు ఉండాలి, ఆ జీతం లెక్కలో కలిపాకే ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చే ఆదాయం, గిట్టుబాటవుతుందో లేదో చూడాలి.

ఎత్తు గురించి భయాలు కొంత అతిగా ఉన్నా, పూర్తిగా కొట్టివేయదగినవి కావు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం డబుల్ డెక్కర్ 4.75 మీటర్లకు మించకూడదు. కొత్త ఫ్లైఓవర్లూ మెట్రో స్టేషన్లూ అంతకంటే ఎత్తుగానే కట్టారు. చిక్కు అక్కడ కాదు. ఆలుగడ్డబావి వంటి పాత రైల్వే అండర్ బ్రిడ్జిలను తప్పించాలి. బస్సు స్టాపులో ఆగడానికి ఎడమ అంచుకు చేరుతుంది, చెట్ల కొమ్మలు వంగేదీ కేబుల్ తీగలు వేలాడేదీ ఆ అంచునే. రోడ్డు మీద తారు పొరలు వేసుకుంటూ పోతే వంతెన కింద ఖాళీ ఏటేటా తగ్గుతుంది. పండుగకో, నాయకుడి పుట్టినరోజుకో రోడ్డుకు అడ్డంగా కట్టే కమాన్లు సరేసరి. నిమజ్జనం రోజున పోలీసులు ట్రాఫిక్ మళ్లిస్తే మామూలు బస్సు ఏ సందులోంచయినా బయటపడుతుంది. డబుల్ డెక్కర్‌కు ముందే కొలిచి ఉంచిన ప్రత్యామ్నాయ దారి లేకపోతే ఆ పూటకు సర్వీసు రద్దే. రూటు సర్వే అంటే ప్రధాన దారిని మాత్రమే కొలవడం కాదని సంబంధిత అధికారులు గ్రహించాలి.

ఇవన్నీ చూసుకుంటే మొదటి రూటుగా సికింద్రాబాద్–పటాన్‌చెరు మార్గం నాకు తగినదిగా కనిపిస్తుంది. బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా వెళ్లే ఈ దారి వెడల్పుగా ఉంది. మియాపూర్ దాటాక మెట్రో లేదు కనుక, ఆ పైన ఉన్న పారిశ్రామిక ప్రాంతాలకు వెళ్లే కార్మికులు సుదీర్ఘంగా నిలబడి ప్రయాణించవలసి వస్తున్నది. మేడ్చల్ దారి కూడా మంచిదే కాని, ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ వరకు ఎలివేటెడ్ కారిడార్ పనులు ముగిసేదాకా అక్కడ తొందరపడరాదు. అఫ్జల్‌గంజ్–మెహదీపట్నం మీద చాలామందికి మోజు ఉన్నదని తెలుసు. తక్కువ దూరం, ఎక్కువ ఎక్కుదిగుళ్లు ఉన్న ఆ రూటు ఈ బండికి నప్పదు.

ప్రభుత్వానికి నా విన్నపం చిన్నది. ఇప్పటికే ప్రజాధనంతో కొన్న ఆ మూడు విద్యుత్ బస్సులను ఆర్టీసీకి అప్పగించి, పటాన్‌చెరు రూటులో మెట్రో ఎక్స్‌ప్రెస్ చార్జీతో, జీరో టికెట్ చెల్లుబాటుతో, ఇద్దరేసి కండక్టర్లతో ఆరు నెలలు నడపాలి. ఆ ఆరు నెలల్లో ఏప్రిల్, మే తప్పక ఉండాలి. పై అంతస్తు సీట్లు ఏ స్టాపు నుంచి ఏ స్టాపు దాకా నిండాయి, ఒక్కో స్టాపులో బస్సు ఎంతసేపు ఆగింది, ఏసీ ఎంత చార్జి తినేసింది, రోజుకు ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయి అన్న లెక్కలను నెలనెలా పత్రికలకు విడుదల చేయాలి. చార్జింగ్ చాలక రద్దయిన ట్రిప్పులు ఎక్కువగా తేలితే ఆ రూటుకు హైబ్రిడ్ బండ్ల టెండరు పిలవవచ్చు. తేలకపోతే ఆ చర్చతో పనిలేదు.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి,
సికింద్రాబాద్