వెనక బాక్సులు మోగకపోతే యాంప్ పోయినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ల్యాప్‌టాప్ నుంచి హోమ్ థియేటర్‌కి 5.1 సౌండ్ (అయిదు బాక్సులకీ, ఒక సబ్‌వూఫర్‌కీ వేర్వేరుగా వెళ్లే ఆరు చానళ్ల సౌండ్) రావడం లేదని మీ టెక్నాలజీ పేజీలో ఒక పాఠకుడు అడిగితే, సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేసుకోండి, అప్పటికీ రాకపోతే మంచి ఆప్టికల్ కేబుల్ (సౌండ్‌ని వెలుతురుగా మోసే వైరు) కొనుక్కోండి అని జవాబిచ్చారు. ఆ రెండూ చేసినా ఆయన వెనక బాక్సులు మోగడం అనుమానమే. పైగా ఇలాంటి సలహాలు విన్నాకే జనం యాంప్ ఎత్తుకుని రిపేరు షాపుకి పరిగెడతారు, అక్కడ ‘బోర్డు పోయింది’ అనే మాట ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మా మేనమామ ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. బోర్డుకి ఏమీ కాలేదు.

ముందు ఆప్టికల్ సంగతి. 1983లో తోషిబా వాళ్లు తెచ్చిన పద్ధతి అది. వైరు రెండొందలదైనా రెండు వేలదైనా అందులో పట్టేది ఒకటే. కుదించని సౌండ్ అయితే రెండు చానళ్లు, అంటే రిసీవర్ (హోమ్ థియేటర్ యాంప్ ఉండే పెట్టె) మీద పీసీఎం అని కనిపించేది. 5.1 కావాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపాలి. కంప్యూటర్ మామూలుగా పంపేది కుదించని సౌండే కాబట్టి గేమ్ ఆడినా, పాట పెట్టినా ఆప్టికల్‌లో వెళ్లేది స్టీరియో. సినిమా ఫైల్లోనే డాల్బీ డిజిటల్ ట్రాక్ ఉంటే మాత్రం దాన్ని ముట్టుకోకుండా అలాగే పంపమని ప్లేయర్‌కి చెప్పొచ్చు, వీఎల్‌సీ ఆడియో సెట్టింగుల్లో పాస్‌త్రూ అని ఉండేది అందుకే. (అది పెట్టాక కంప్యూటర్‌లో వాల్యూమ్ తిప్పినా పలకదు, కంగారు పడకండి, రిసీవర్ రిమోట్‌తోనే తగ్గించుకోవాలి.) డాల్బీ డిజిటల్ లైవ్ ఉన్న సౌండ్ కార్డులు ఏ సౌండ్‌నైనా అప్పటికప్పుడు కుదించి పంపుతాయి గానీ మామూలు ల్యాప్‌టాప్‌లలో అది ఉండటం అరుదు.

హెచ్‌డీఎంఐకి ఈ బాధ లేదు, 2002లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే కుదించని సౌండ్ ఎనిమిది చానళ్లు మోస్తుంది. మరి హెచ్‌డీఎంఐ పెట్టినవాళ్లకీ ఎందుకు రావడం లేదు? అసలు చిక్కు ఇక్కడే. మనవాళ్లు ల్యాప్‌టాప్‌ని టీవీకి పెడతారు, టీవీ నుంచి ఆప్టికల్‌తోనో ఏఆర్‌సీతోనో (టీవీ తన హెచ్‌డీఎంఐ వైరులోనే సౌండ్‌ని రిసీవర్‌కి వెనక్కి పంపే పద్ధతి) రిసీవర్‌కి సౌండ్ తీస్తారు. హెచ్‌డీఎంఐ వైరు తగిలించగానే అవతలి పెట్టె, నేను ఇన్ని చానళ్లు తీసుకోగలను అని కంప్యూటర్‌కి చెబుతుంది. అవతల ఉన్నది టీవీ, దానికున్నవి రెండు స్పీకర్లు, అది రెండనే చెబుతుంది. విండోస్ ఆ మాట నమ్మి 5.1 అనే ఆప్షనే చూపించదు. ఏఆర్‌సీ అయినా దాదాపు ఆప్టికల్ మోసినంతే మోస్తుంది. కుదించని 5.1 టీవీ మీదుగా వెళ్లాలంటే ఏఆర్‌సీకి తర్వాత వచ్చిన ఈఏఆర్‌సీ ఉండాలి, అది టీవీలోనూ రిసీవర్‌లోనూ రెండింట్లో ఉండాలి, ఆపైన టీవీ ఆ సౌండ్‌ని రిసీవర్‌కి పోనివ్వాలి.

మామయ్య ఇంట్లో నేను చేసిందల్లా టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పిన్ను పీకి రిసీవర్ ఇన్‌పుట్‌లో పెట్టి, రిసీవర్ అవుట్ నుంచి టీవీకి ఇంకో వైరు వేయడం. సౌండ్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ లిస్టు తెరిస్తే అంతవరకూ టీవీ పేరున్న చోట రిసీవర్ పేరు వచ్చింది. ఎవరైనా ముందు చూసుకోవలసిన గుర్తు ఇదే. అక్కడ టీవీ పేరుంటే మీ సౌండ్ ముందు టీవీకే పోతోందని అర్థం. పేరు మారినంత మాత్రాన పనైపోదు, కాన్ఫిగర్ నొక్కి 5.1 అని మనమే ఎంచాలి, లేకపోతే స్టీరియోలోనే ఉండిపోవచ్చు. అక్కడే టెస్ట్ నొక్కితే ఒక్కో బాక్సు వరసగా పలుకుతుంది. రిసీవర్‌ని ముందే ఆన్ చేసి ఉంచండి, స్టాండ్‌బైలో ఉంటే కొన్ని రిసీవర్లు టీవీ జవాబునే ల్యాప్‌టాప్‌కి అందిస్తాయి, మళ్లీ కథ మొదటికొస్తుంది.

మీరు చెప్పిన డ్రైవర్ సంగతి కూడా ఒక మాట. హెచ్‌డీఎంఐలో వచ్చే సౌండ్ గ్రాఫిక్స్ చిప్ నుంచి వస్తుంది. ల్యాప్‌టాప్ సొంత సౌండ్ చిప్‌కి ఉండే రియల్‌టెక్ డ్రైవర్ ఎన్నిసార్లు తీసి వేసినా దానికి సంబంధమే లేదు. మార్చాలనుకుంటే ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ, ఏది ఉంటే ఆ గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాలి.

పాత రిసీవర్ 4కే బొమ్మని దాటనివ్వదని కొందరు దీనికి ఒప్పుకోరు. నిజమే. ల్యాప్‌టాప్‌కి రెండో డిస్‌ప్లే పోర్టు ఏదైనా ఉంటే ఒకటి టీవీకి బొమ్మ కోసం, ఒకటి రిసీవర్‌కి సౌండ్ కోసం పెట్టుకోవచ్చు. కాకపోతే విండోస్ రిసీవర్‌ని రెండో స్క్రీన్ అనుకుంటుంది, మౌస్ బాణం అప్పుడప్పుడూ అటు వెళ్లి కనిపించకుండా పోతుంది.

షాపుల గురించి కూడా రాయాలి. డెమోలో అయిదు బాక్సులూ దద్దరిల్లిపోతుంటే మనం మురిసిపోతాం, చాలాసార్లు అది ‘ఆల్ చానల్ స్టీరియో’ అనే మోడ్, ఉన్న రెండు చానళ్లనే అన్నింట్లోనూ మోగించడం. మాటలు వెనక బాక్సుల్లోంచి కూడా అంతే గట్టిగా వినిపిస్తుంటే అనుమానించాల్సిందే. ఇంకా ఘోరం, చవకగా దొరికే 5.1 సెట్లు చాలావాటికి వెనకాల ఉండేది ఎరుపు, తెలుపు పిన్నుల ఆక్స్ ఒక్కటే, దాంతో పాటు బ్లూటూత్, పెన్‌డ్రైవ్. ఆక్స్ స్టీరియో, మామూలు బ్లూటూత్ కూడా స్టీరియోనే. అందులో 5.1 అన్నది బాక్సుల లెక్క మాత్రమే, ఏ ల్యాప్‌టాప్ పెట్టినా, ఏ సెట్టింగ్ మార్చినా మారేదేమీ లేదు. ఆరు పిన్నుల ఇన్‌పుట్ ఉన్నవైతే డెస్క్‌టాప్ వెనకుండే ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగు జాక్‌ల నుంచి అసలైన 5.1 తీసుకుంటాయి, ధర కూడా పెద్ద తేడా ఉండదు. కానీ ఆ సంగతి కొనేవాడికి ఎవరు చెబుతారు? ఏ ఇన్‌పుట్ ఎన్ని చానళ్లు తీసుకుంటుందో అట్టపెట్టె మీద తెలుగులో ఒక్క లైను అచ్చు వేయమని ఆ కంపెనీలను మీరైనా అడగండి. పండక్కి మీ పేజీల నిండా యాడ్స్ ఇచ్చేది వాళ్లే కదా, మీ మాట వింటారేమో.

- ఒక పాఠకుడు, ఖమ్మం