సైనికుని చేతిలోని ఫొటో

సంపాదకులు గారికి నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా అంతర్యుద్ధం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలిన నాటి నుంచి 1865 ఏప్రిల్‌లో అపొమాటాక్స్ వద్ద దక్షిణాది రాష్ట్రాల సేనాని జనరల్ లీ ఉత్తరాది సైన్యానికి లొంగిపోయిన నాటి వరకు ఏ సేనాని ఏ వ్యూహం పన్నాడో చక్కగా వివరించారు. అయితే ఆ నాలుగేళ్లూ గుడారాల్లో బతికిన మామూలు సిపాయి గురించి గానీ, అతని కోసం ఇంటి దగ్గర ఎదురుచూసిన వారి గురించి గానీ ఒక్క పేరా కూడా లేకపోవడం నాకు పెద్ద వెలితిగా తోచింది.

ఆ సిపాయి జీవితంలో యుద్ధం చేసిన రోజుల కంటే శిబిరంలో గడిపిన రోజులే ఎక్కువ. ఉత్తరాది సైన్యంలో ఇద్దరేసి సిపాయిలు చెరో సగం గుడారపు గుడ్డను వీపున మోసుకెళ్లి, రాత్రికి ఆ రెంటినీ గుండీలతో కలిపి దాని కింద పడుకునేవారు. చలికాలంలో దుంగలతో గుడిసెలు కట్టుకుని సందులను మట్టితో మెత్తుకునేవారు. పిండి, నీళ్లు కలిపి కాల్చిన రాయిలాంటి బిస్కట్టే వారికి ప్రధాన ఆహారం. దానిని వేడి కాఫీలో ముంచి, పైకి తేలిన పురుగులను తీసి పారేసి తినేవారు. దక్షిణాది వారికైతే సముద్ర దిగ్బంధం వల్ల కాఫీ గింజలు కూడా దొరకక మొక్కజొన్నలు వేయించి కాచుకున్నారు. ఆ యుద్ధంలో మరణించిన ప్రతి ముగ్గురిలో ఇద్దరిని బలిగొన్నవి తూటాలు కావు. విరేచనాలు, టైఫాయిడ్, తట్టు వంటి రోగాలు.

అటువంటి చోట మనిషిని నిలబెట్టింది ఇంటి నుంచి వచ్చే ఉత్తరమే. తపాలా బిళ్ల కొనే వీలులేని సిపాయి కవరు మీద ‘సైనికుని ఉత్తరం’ అని రాయించి పంపితే, తపాలా ఖర్చు మూడు సెంట్లను ఉత్తరం అందుకున్నవారు చెల్లించే ఏర్పాటును 1861లోనే చట్టంలో చేర్చారు.

1863 జులై 1న గెటిస్‌బర్గ్‌లో మరణించిన ఒక సిపాయి చేతిలో గాజు పలక మీద తీసిన ముగ్గురు పిల్లల ఫొటో ఒకటి దొరికింది. అతని పేరు గానీ, ఊరు గానీ తెలిపే కాగితం ఏదీ లేదు. ఆ ఫొటో చేతులు మారి ఫిలడెల్ఫియాలోని ఒక వైద్యుని దగ్గరకు చేరింది. ఆనాటి పత్రికలకు ఫొటోలు అచ్చువేసే సాధనం లేదు కనుక, అక్టోబరు 19న ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ ‘ఇతడు ఎవరి తండ్రి?’ అని అడుగుతూ, నడుమ ఎత్తు కుర్చీలో చిన్నవాడు, చెరోపక్క అన్నా అక్కా ఉన్నారనీ, పెద్దవాడి చొక్కా, అక్క గౌను ఒకే గుడ్డతో కుట్టినవనీ మాటల్లోనే బొమ్మ కట్టి చూపించింది. ఇతర పత్రికలు దానిని తిరిగి వేశాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్‌లో, గెటిస్‌బర్గ్ యుద్ధం తరువాత భర్త నుంచి ఉత్తరమే అందని ఫిలిండా హ్యూమిస్టన్ అనే ఇల్లాలికి ఆ వర్ణన చేరింది. వైద్యుడు పంపిన నకలును చూశాక, అది తాను భర్త ఏమస్‌కు శిబిరానికి పంపిన ఫొటోయేనని ఆమెకు తెలిసింది. ఒకే తానులోంచి ఇద్దరు పిల్లలకూ కుట్టించే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు! అందుకే ఆ వాక్యం దగ్గర నాకు ముందుకు సాగడం కష్టమైంది.

కుటుంబాన్ని వెంట తెచ్చుకున్నవారి కథ ఇంకా దారుణం. కెంటకీలో బానిసగా ఉంటూ ఉత్తరాది సైన్యంలో చేరిన జోసెఫ్ మిల్లర్, తాను లేకపోతే భార్యాపిల్లలను యజమాని పోషించనంటున్నాడని వారిని క్యాంప్ నెల్సన్ అనే ఆ సైన్యపు శిబిరానికి తీసుకొచ్చాడు. 1864 నవంబరులో గడ్డకట్టే చలిలో సైన్యమే అక్కడి సుమారు 400 మంది స్త్రీలను, పిల్లలను బయటకు తోలింది. జబ్బుపడ్డ కొడుకును కదిలిస్తే చస్తాడని మిల్లర్ చెప్పినా వినలేదు. ఆ రాత్రి వాళ్లున్న చోటికి కాలినడకన వెళ్లి చూస్తే బిడ్డ అప్పటికే చనిపోయాడు. మర్నాడు తానే గుంత తవ్వి కొడుకును పూడ్చి, మిగిలిన వాళ్లను అక్కడే ఒక ప్రార్థన మందిరంలో వదిలి శిబిరానికి తిరిగి వచ్చాడు. ఇదంతా అతడు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో ఉంది. తరిమివేతకు గురైనవారిలో 102 మంది మరణించారు. న్యూయార్క్ ట్రిబ్యూన్ ఈ సంగతిని బయటపెట్టింది. 1865 మార్చి 3న నల్లజాతి సైనికుల భార్యాబిడ్డలకు స్వేచ్ఛనిస్తూ చట్టం వచ్చింది.

నేను ఇంతగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మా నాన్నగారు 1988లో భారత శాంతి పరిరక్షక దళంతో శ్రీలంకలో, మరొకరి అంతర్యుద్ధం మధ్య ఉన్నారు. ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) నంబరు తప్ప ఊరు పేరు లేని చిరునామాకు మా అమ్మ ఇన్‌లాండ్ లెటరు రాసేది. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టి, జిగురు పూసే మడత మీద కూడా ఖాళీ వదలకుండా నింపేది. నాన్నగారి జవాబుల్లో యుద్ధం ఊసే ఉండదు. గేదె ఈనిందా, వరికి నీరు అందిందా అనే ప్రశ్నలే ఉంటాయి.

మా జిల్లాలో మిలిటరీ మాధవరం వంటి ఊళ్లే ఉన్నాయి. అక్కడి ఇళ్లలోనూ, రెండు రాష్ట్రాల్లోని ఇంకెన్నో ఇళ్లలోనూ ట్రంకుపెట్టెల అడుగున ఉన్న ఉత్తరాలు మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. వారానికి ఒక ఉత్తరాన్ని, ఆ కుటుంబం అనుమతితో, మీ అనుబంధంలో ప్రచురించాలని కోరుతున్నాను. మా ఇంట్లో ముప్పై ఏడు ఉన్నాయి. నకళ్లు తీసి పంపడానికి అమ్మ ఒప్పుకుంది.

భవదీయురాలు,
ఒక మాజీ సైనికుని కుమార్తె,
తాడేపల్లిగూడెం