లంకమలలో తుంపర

ప్రియమైన మధూ,

మార్చి నెలలో, అదీ కడపలో, గొడుగు పట్టుకుని అడవికి బయలుదేరానంటే నువ్వు నవ్వుతావని తెలుసు. అయినా మొన్న ఆదివారం మేము నలుగురం లంకమలలోని నిత్యపూజకోనకు నడిచి వెళ్ళినంత సేపూ తుంపర పడుతూనే ఉంది. పంచలింగాల దగ్గర బండ్లు నిలిపేసరికే మబ్బు కమ్ముకుంది. తిరిగిపోదామని ఒక్కరూ అనలేదు. ఎండలో ఆ రాళ్ళదారి ఎలా ఉంటుందో పోయినసారి సగంలోనే చతికిలబడిన నీకు నేను చెప్పాలా?

వానకు తల వంచుకుని నడిచాము గనుక ఈసారి రాలిన పూలే చెట్ల ఆనవాళ్ళు చెప్పాయి. ఎర్రటి చిలుకముక్కులు కనబడితే పైన మోదుగ, పెద్ద పసుపు రేకులు కనబడితే కొండగోగు. ఆకు ఒక్కటీ లేని బూడిదరంగు కొమ్మల చివర అంత నిండైన పూలు ఎలా పూస్తాయో గాని, ఒకటి బండమీద వెల్లకిలా పడి ఉంటే వంగి చూశాను. అయిదు రేకుల దొన్నెలో చెంచాడు నీళ్ళు నిలిచాయి. తడిసిన కేసరాలు కుచ్చులా ఒక పక్కకు ఒరిగాయి. వాటి మీద ఒక చీమ దిగే దారి లేక తిరుగుతోంది. పుల్ల అందించాను, ఎక్కలేదు.

ఎర్రచందనాల పూత ఇంకా మొదలు కాలేదు. మొసలి వీపులా పగిలిన వాటి బెరడు తడిసి నల్లబడింది. తడిమి చూడాలనిపించింది గాని, ఈ అడవిలో ఆ చెట్టుమీద చెయ్యి వేస్తే మనకు మనమే దొంగల్లా అనిపిస్తాము. మాలో ఒకడు, అంతరించిపోయిందనుకున్నాక 1986లో ఈ లంకమల ప్రాంతంలోనే మళ్ళీ కనబడిన కలివికోడి కోసం ప్రతి పొదలోకీ తొంగిచూశాడు. అది రాత్రిపూట తిరిగే పక్షి అన్నా వినలేదు.

వాగు దాటుతూ నాచుబండ మీద నేను జారాను. మోకాలు కొట్టుకుపోయింది, చిత్రాన్నం సగం నీళ్ళపాలయింది. అక్కడున్న మేకల కాపరి పెద్దాయన నన్ను లేవదీసి, "మీకు బాగుండాది గాని నాయనా, ఈ తుంపరకు మామిడిపూత మాడిపోతాది" అన్నాడు. అప్పటిదాకా వానను మెచ్చుకుంటున్న మేము కాసేపు మాట్లాడలేదు.

వచ్చే నెల పాలకొడిశ పూస్తుంది. వచ్చేటప్పుడు ఆ అరిగిపోయిన చెప్పులు మాత్రం వేసుకురావద్దు.

నీ
శీను