దేవమాలి నడకలకి వచ్చేవాళ్ళకి: మా దగ్గర ఏం మారింది, ఎందుకు మారింది

నమస్తే అండీ అందరికీ. సెప్టెంబర్ అంతా బుకింగ్స్ ఎందుకు తీసుకోలేదు, రేట్లు పెంచేశారట నిజమేనా, దేవమాలి కొండ నుంచి దిగే ఆ గడ్డి వాలు దారి ఎందుకు ఆపేశారు అని చాలామంది మెసేజ్ పెడుతున్నారు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో ముక్క చెప్పేకంటే జరిగింది జరిగినట్టు అందరికీ ఒకేసారి చెప్పేస్తే నాకూ మనసు తేలికపడుతుందని ఇది రాస్తున్నా.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా సిమిలిగుడ. సాలూరు ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటి వస్తే మా ఊరు. నేను పుట్టింది సాలూరులో, పెళ్ళయి ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్ళయింది. మా మామయ్యగారి కాలం నుంచి మాది కుందులి సంతలో అల్లం, కూరగాయలు కొని కిందకి పంపే వ్యాపారం. ఆరేళ్ళ కింద ఇంటిపైన నాలుగు గదులు వేసి, భోజనం పెట్టి, వచ్చినవాళ్ళని కొండలకి నడకకి పంపడం మొదలుపెట్టాం. విజయనగరం, వైజాగ్, విజయవాడ, హైదరాబాద్ నుంచి వచ్చేది ఎక్కువ మన తెలుగువాళ్ళే, ఇక్కడ తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉన్నారని ధైర్యంగా వస్తారు. ఆ ధైర్యానికి నేను జవాబుదారీగా ఉండాలి కదా, పోయిన ఆగస్టులో అక్కడే తప్పు చేశాను.

ఐదుగురు వచ్చారు, అందరూ ఉద్యోగాలు చేసుకునే పిల్లలే. దేవమాలి పైకి జీపులో వెళ్ళి, దిగేటప్పుడు గడ్డి వాలు మీదుగా కింద ఊరిదాకా నడుస్తాం అన్నారు. గైడ్‌ని పెట్టుకోండి, రోజుకి ఐదొందలు అన్నా. ఆంటీ, ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అన్నారు. నేను గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. గైడ్ కంపల్సరీ అంటే పక్క లాడ్జికి పోతారేమో, రేటింగ్ తగ్గించేస్తారేమో అని భయపడి, మా అబ్బాయి గీసిన దారి బొమ్మ జిరాక్స్ ఒకటి చేతిలో పెట్టి, దారి తెలిసిపోతుంది లెండి అని పంపించేశాను. ఆ మాట అన్నది నేనే.

పైన ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్తా. దేవమాలి శిఖరం దగ్గర చెట్లు తక్కువ, అంతా గడ్డే. ఎండాకాలం చూస్తే ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా నడిచిపోవచ్చు అనిపిస్తుంది. వానాకాలంలో తడిగాలి కొండని తాకి పైకి లేచి చల్లబడి అక్కడే మేఘమైపోతుంది, మనం దూరం నుంచి చూసి మబ్బు అనుకునేది పైనున్నవాళ్ళకి పొగమంచు. పది నిమిషాల్లో కమ్మేస్తుంది, ముందు నడిచే మనిషి వీపు కూడా కనపడదు. గుర్తుపెట్టుకుందామంటే ఒక చెట్టు లేదు, ఒక బండ లేదు, పశువులు నడిచిన దారులు మాత్రం జల్లెడలా ఉంటాయి, అన్నీ మనుషుల దారిలాగే కనిపిస్తాయి. ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, నిజమే, చుక్క మీరు ఎక్కడున్నారో చూపిస్తుంది, కానీ ఆ కాలిబాటలు మామూలు ఫోన్ మ్యాప్‌లో కనపడవు కాబట్టి చుక్క చుట్టూ అంతా ఖాళీ పచ్చరంగే.

వాళ్ళు పశువుల దారి పట్టుకుని ఒక లోయలోకి దిగిపోయారు. అందులో ఒకమ్మాయి తడిగడ్డి మీద జారింది, చీలమండ దగ్గర వాచిపోయి కాలు కింద పెట్టలేకపోయింది. మధ్యాహ్నం రెండింటికి రావాల్సినవాళ్ళు నాలుగైనా రాలేదని మా ఆయన జీపు వేసుకుని కింద ఊరికి పరిగెత్తారు. అది పరజ గిరిజనుల ఊరు, ముప్పై గడపలుంటాయి. అక్కడ ఒక పెద్దాయన్ని మేమంతా దాదా అని పిలుస్తాం, ఆయన ఇంకేమీ అడగలేదు, ఇద్దరు కుర్రాళ్ళని కేకేసి ఒక డప్పు, కత్తి, రెండు దుప్పట్లు పట్టుకుని ఎక్కేశాడు. ఆగి ఆగి డప్పు కొడుతూ, చెవి పెట్టి వింటూ వెళ్ళారట, ఐదున్నరకి కింద నుంచి పిల్లల కేక వినపడిందట.

నేను ఊరు చేరేసరికి ఆ అమ్మాయిని డోలీలో దింపుతున్నారు. పచ్చి వెదురు బొంగు నరికి, దానికి దుప్పటి ఉయ్యాలలా కట్టారు. నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉన్నది ఒకటే, బొంగు రెండు చివర్లా కణుపులు కత్తితో నున్నగా చెక్కి ఉన్నాయి, మోసేవాళ్ళ భుజం గీసుకోకుండా. చీకటి పడుతోంది, వాన, పైన ఒక అమ్మాయి ఏడుస్తోంది, అయినా ఆ పని మర్చిపోలేదు. ఎన్నిసార్లు మోసుంటే ఆ అలవాటు వస్తుందో ఆలోచించండి. కాన్పుకి వెళ్ళాల్సిన ఆడవాళ్ళని, జ్వరం వచ్చినవాళ్ళని రోడ్డుదాకా ఇలాగే మోస్తారు వాళ్ళు.

ఆ అమ్మాయికి ఎముక విరగలేదు, బెణుకే, మూడు వారాల్లో నడిచింది, దేవుడి దయ. ఐదుగురికీ డబ్బులు మొత్తం వెనక్కి ఇచ్చాం, ఆసుపత్రి ఖర్చూ మేమే పెట్టుకున్నాం. దాదాకి మా ఆయన రెండు వేలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయన అడిగింది ఒక్కటే, ఇక్కడి కొండ ఊళ్ళ భాష దేశియాలో అడిగాడు, ఏడాది పొడుగునా మా దారిలో జనాన్ని పంపుతావు, ఒక్కసారైనా మాతో చెప్పావా అని. నేను తల దించుకున్నా. నిజమే కదండీ, ఆరేళ్ళుగా నేను అమ్ముకుంటున్న ఈ ట్రైల్స్ అన్నీ వాళ్ళు పొలానికి, వాగుకి, సంతకి నడిచి నడిచి వేసిన బాటలు. మాకు వాటి మీద ఒక్కొక్కళ్ళ దగ్గరా తొమ్మిదొందలు వచ్చేది, వాళ్ళ ఊరికి ఒక్క రూపాయి వెళ్ళేది కాదు. మా వాళ్ళు పారేసిన బిస్కెట్ కవర్లు మాత్రం వెళ్ళేవి. అందుకే సెప్టెంబర్ అంతా బుకింగ్స్ ఆపి ఆ ఊరికి, పక్క రెండు ఊళ్ళకి తిరిగి కూర్చుని మాట్లాడుకున్నాం.

ఇప్పుడు రేటు సంగతి. ఒకరోజు నడక మనిషికి 900 ఉండేది, ఇప్పుడు 1300. పెరిగిన నాలుగొందలు ఎక్కడికి పోతుందో అడిగే హక్కు మీకుంది, చెప్తా. ఆరుగురి గుంపుకి ఆ ఊరివాళ్ళు ఇద్దరు వస్తారు, ఒకరు ముందు, ఒకరు వెనక, ఒక్కొక్కరికి రోజుకి 700, అంటే మీకు మనిషికి 233 పడుతుంది. మధ్యాహ్నం భోజనం ఇదివరకు మా ఇంటి నుంచి పొట్లాలు కట్టి పంపేదాన్ని, ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఆడవాళ్ళు వండి పెడతారు, దానికి 120. యాభై ఊరి ఉమ్మడి డబ్బాలోకి. మొత్తం 403, ఆ మూడు రూపాయలు మేం చూసుకుంటాం. ఇద్దరే వస్తే మాత్రం లెక్క కుదరదు, శనివారం మిగతావాళ్ళతో కలుపుతాం, లేదా ఇద్దరు గైడ్ల ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఇది కొంతమందికి నచ్చదని తెలుసు, ఇప్పటికే పదకొండు బుకింగ్స్ క్యాన్సిల్ అయ్యాయి, పోతే పోయాయి. గైడ్ లేకుండా మా దగ్గర్నుంచి ఎవరూ కొండెక్కరు, ఎంత బతిమాలినా సరే.

దారుల విషయానికొస్తే గడ్డి వాలు దారి జూన్ నుంచి అక్టోబర్ చివరిదాకా పూర్తిగా బంద్. నవంబర్ నుంచి మళ్ళీ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పదకొండులోపు దిగిపోవాలి, ఎందుకంటే మధ్యాహ్నం దాటాక కాలబైశాఖి ఉరుములు వస్తాయి, ఆ బోడి కొండమీద అన్నిటికంటే ఎత్తుగా నిలబడేది మనిషే, పిడుగుకి అంతకంటే ఏం కావాలి.

మీకు నా మాటగా చెప్పాలంటే పైకి జీపు, కిందకి నడక కంటే కింద నుంచి పైకి నడవండి. దాదాపు పైదాకా రోడ్డు ఉంది కాబట్టి అందరూ బండిలో వెళ్ళి సన్‌రైజ్ ఫోటో తీసుకుని గంటలో దిగిపోతున్నారు. నవంబర్ మొదట్లో కింద ఊరి నుంచి ఎక్కితే మొదటి గంట అంతా వలిసె పూల చేల మధ్యనే, పసుపు తప్ప ఇంకేమీ కనపడదు, తేనెటీగల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. చేలోకి దిగి ఫోటోలు తియ్యకండి, అది వాళ్ళ నూనెగింజ పంట, తొక్కిన మొక్క తొక్కినట్టే పోతుంది. గట్టు మీద నిలబడితే చాలు. పైదాకా మూడున్నర గంటలు పడుతుంది, చిన్నపిల్లలుంటే ఐదు. తిరుగు ప్రయాణం కావాలంటే జీపు పైకి పంపిస్తాం.

ఒక తప్పు కూడా దిద్దుకోవాలి. మా గోడమీద తూర్పు కనుమల్లోకెల్లా ఎత్తైన శిఖరం అని రాసి ఉండేది, అది తప్పు. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో ఇదే ఎత్తు, అంతకంటే ఎత్తైనది అల్లూరి జిల్లా వైపు ఉంది. పాడేరు నుంచి వచ్చిన ఒక మాస్టారు చెప్తే అర్థమైంది, సున్నం వేయించేశాను.

పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు కొండ ఎక్కలేకపోతే నందపూర్ వెళ్ళండి. జైపూర్ (రాజస్థాన్‌ది కాదు, మా కొరాపుట్ జిల్లాది) రాజుల పాత రాజధాని అదే, ముప్పై రెండు మెట్ల సింహాసనం అని చెప్పే బత్తీస్ సింహాసన్ అక్కడుంది, నడక తక్కువ. శుక్రవారం అయితే ముందు కుందులి సంత చూసి బయల్దేరండి, పొద్దున్నే వెళ్తే కొండ ఊళ్ళ నుంచి కావిళ్ళతో దిగేవాళ్ళు కనపడతారు, కొండ నడకకి వెళ్ళేవాళ్ళు నడిచే దారి అదే. గలిగబ్దార్ జలపాతం వైపు నడక వానలు తగ్గాక, అక్టోబర్ ఆఖర్లో బావుంటుంది, నీళ్ళలోకి దిగడం మాత్రం గైడ్ సరే అంటేనే.

భోజనం గురించి. ఊళ్ళో పెట్టేది చోడి (రాగి) అంబలి, వాళ్ళు మాండియా పేజ్ అంటారు, అన్నం, పప్పు, ఆ రోజు దొరికిన ఆకుకూర. చికెన్ లేదా అని అక్కడ అడగొద్దు, ప్లీజ్. రాత్రి మా ఇంట్లో శనివారాలు కాలాజీరా బియ్యం వండుతున్నా, చిన్న గింజ, వండుతుంటే వీధి చివరకి వాసన వస్తుంది. 2024లో కొరాపుట్ కాలాజీరాకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు పంటే అనే గుర్తింపు, వచ్చింది. జైపూర్ దగ్గర పాత్రపుట్‌లో ఉండే కమలా పూజారి గారు ఇలాంటి పాత విత్తనాలు దాచి దాచి బతికించారు, 2019లో పద్మశ్రీ ఇచ్చారు, అదే 2024లో పోయారు. ఆవిడని తల్చుకోకుండా ఆ అన్నం వడ్డించలేను నేను.

గదుల్లో వేడినీళ్ళ కంప్లైంట్లు వచ్చాయి, కరెంట్ పోతే గీజర్ ఆగిపోతోంది, నిజమే. రెండు గదులకి గ్యాస్ గీజర్ పెట్టాం, మిగతా రెండింటికి సంక్రాంతిలోపు పెడతాం, అప్పటిదాకా ఆ రెండు గదులు రెండొందలు తక్కువకి ఇస్తున్నా. డిసెంబర్, జనవరిలో ఇక్కడ రాత్రి ఐదు డిగ్రీల దాకా పడిపోయే రోజులుంటాయి, కొండమీద ఇంకో నాలుగైదు తక్కువ అనుకోండి, వైజాగ్ చలికి వేసుకునే స్వెట్టర్ సరిపోదు. మంకీ క్యాప్, సాక్సులు, జారకుండా పట్టు ఉన్న బూట్లు తెచ్చుకోండి. చెప్పులతో వచ్చినవాళ్ళని దాదా వెనక్కి పంపేస్తాడు, అప్పుడు నన్ను తిట్టుకోవద్దు.

ట్రైన్‌లో వచ్చేవాళ్ళు వైజాగ్‌లో పొద్దున కిరండూల్ పాసింజర్ ఎక్కితే అరకు మీదుగా మధ్యాహ్నానికి కొరాపుట్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి మా ఆయన జీపు వస్తుంది. నడక బుకింగ్ కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి, ఎందుకంటే ఎవరు వస్తారో ఊళ్ళో వాళ్ళు చూసుకోవాలి, కోతల రోజుల్లో వాళ్ళకి కుదరకపోతే నడక ఉండదు, డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. ఫోన్ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది వరకే, శుక్రవారం మధ్యాహ్నం దాకా సంతలో ఉంటా, మెసేజ్ పెట్టండి, సాయంత్రం నేనే చేస్తా.