వీడియో గేములకూ వయసు వర్గీకరణ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

సినిమాలో నరుకుళ్లు మితిమీరితే సెన్సార్ బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇస్తుంది. ఓటీటీలో వచ్చే సిరీస్ ఏ వయసు వారికి తగినదో తెరమీద చూపాలని 2021 నాటి ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. కానీ పిల్లవాడి చేతికే తుపాకీ ఇచ్చి ఎదుటివాణ్ణి కాల్చమనే వీడియో గేములకు మన దేశంలో అటువంటి చట్టబద్ధమైన వర్గీకరణ లేదు. ప్లే స్టోర్‌లో ఆట పేరు కింద 16+ అని కనిపిస్తున్నా, డౌన్‌లోడ్ చేస్తున్నది ఆరో తరగతి పిల్లవాడేమో అని చూసే నాథుడు లేడు.

ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పేవాడిని కనుక పిల్లల మాటలు రోజూ నా చెవిన పడుతుంటాయి. మధ్యాహ్నం కంచాలు కడుక్కునే కుళాయి దగ్గర ‘రాత్రి ముగ్గుర్ని లేపేశాను’ అని ఒకడు, ‘నేను నాక్ అయితే (ఆటలో దెబ్బతిని పడిపోతే) వీడు రివైవ్ ఇవ్వలేదు (తిరిగి లేపలేదు)’ అని మరొకడు మొదలుపెట్టిన వాదన కొన్నిసార్లు చొక్కాలు పట్టుకునే దాకా వెళుతోంది. ఈ ఆటలు ఆడిన వారంతా నేరస్థులవుతారని నేను అనడం లేదు. హింసాత్మక గేములకూ నిజజీవితంలోని హింసకూ ముడిపెట్టడానికి తగిన ఆధారాలు లేవని, అయితే అరవడం, నెట్టడం వంటి దూకుడుతో వాటికి స్వల్పమైనదే అయినా స్థిరమైన సంబంధం ఉందని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో సవరించిన తన తీర్మానంలో పేర్కొంది. కిక్కిరిసిన తరగతి గదిలో ఆ స్వల్పమే మాకు పెద్ద తలనొప్పి.

2020 సెప్టెంబరులో పబ్జీ అనే తుపాకుల ఆటను నిషేధించింది దేశ భద్రత, సమాచార గోప్యత కారణాలతోనే తప్ప పిల్లలను దృష్టిలో పెట్టుకుని కాదు. మరుసటి ఏడాది దాని భారతీయ రూపంగా బీజీఎంఐ పేరుతో వచ్చిన ఆట 2022లో యాప్ స్టోర్ల నుంచి తొలగింపునకు గురై, 2023 మే నెలలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి, తల్లిదండ్రుల ఓటీపీ వంటి షరతులు పెట్టారు. బడి ఉన్న రోజున మూడు గంటలంటే సాయంత్రమంతా ఆటకే పోయినట్లు. ఇక ఓటీపీ వచ్చేది అమ్మ ఫోన్‌కే అయినా, ఆ ఫోన్ ఉండేది పిల్లవాడి చేతిలోనే కదా! 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించడం ఎంతో మేలు చేసే పనే అయినా, దాని ప్రధాన దృష్టి డబ్బు మీదే.

జర్మనీలో గేములకు ఇచ్చే వయసు గుర్తు దుకాణాల్లో అమ్మకానికి చట్టరీత్యా వర్తిస్తుంది. కేంద్ర ఐటీ శాఖ మన దగ్గర కూడా ఉపాధ్యాయులకు, పిల్లల మానసిక నిపుణులకు చోటుండే వర్గీకరణ మండలిని నియమించి, ఏ ఆట ఏ వయసుకు ఎందుకు తగదో తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో తెలపాలని కోరుతున్నాను. అంతవరకూ ఆగనక్కర్లేని పని ఒకటుంది. మన రాష్ట్రంలో జరిగే మెగా పేరెంట్-టీచర్ సమావేశాల్లో మార్కుల సంగతితో పాటు, ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్ (పిల్లల వాడకాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు) ఎలా పెట్టుకోవాలో తల్లిదండ్రులకు చేసి చూపించేలా పాఠశాల విద్యాశాఖ ఆదేశాలివ్వాలి. అటువంటి ఏర్పాటు తమ ఫోన్‌లోనే ఉందని మా బడికి వచ్చే తల్లుల్లో చాలామందికి తెలియదు.

– ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, తెనాలి