లేడీబగ్ అంటే ఆడపురుగు కాదండీ

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో లేడీబగ్ గురించి చిన్న ఐటమ్ వేశారు కదా, మా మనవరాలు నా పక్కన కూర్చుని గట్టిగా చదివింది, అంతా బాగానే ఉంది గానీ వీటిల్లో ఆడవి ఎక్కువ కాబట్టి ఆ పేరొచ్చింది అన్న లైన్ దగ్గర ఆగి "మరి మగవాటిని ఏమంటారు తాతయ్యా" అనడిగింది. మగదైనా ఆడదైనా లేడీబగ్గే.

ఆ లేడీ మేరీమాత అండి. ఇంగ్లండ్‌లో ఆవిడని అవర్ లేడీ అంటారు, ఆ లేడీ అన్నమాట. పాత పెయింటింగుల్లో ఆవిడకి ఎర్రటి పైబట్ట ఉండేది, పురుగు రెక్కల ఎరుపు అదేననీ, మీదున్న ఏడు చుక్కలు ఆవిడ ఏడు సంతోషాలు, ఏడు దుఃఖాలు అనీ చెప్పుకునేవాళ్లు. జర్మన్లో సూటిగా మేరీ పురుగు అనే అర్థమొచ్చేలా మారియెన్‌కేఫర్ అంటారు. రష్యావాళ్లకి అది దేవుడి ఆవు, హీబ్రూలో మోషే ఆవు, టర్కీలో అదృష్టం తెచ్చే పురుగు. ఇంగ్లండ్‌లో లేడీబర్డ్ అంటే అమెరికాలో లేడీబగ్ అంటారు, నిజానికి బర్డూ కాదు బగ్గూ కాదు, బగ్ అంటే నల్లి జాతి, ఇది పెంకుపురుగు.

ఇంతకీ నా కంప్లైంట్ ఏంటంటే దీనికి మనకో పేరుంది, అక్షింతల పురుగు అని, మీ ఐటమ్ మొత్తం వెతికినా ఆ మాటే లేదు. దాని గుడ్లు చూశారా ఎప్పుడన్నా? ఆకు కింద పది ఇరవై ఒకే చోట నిలువుగా నిలబెట్టినట్టుంటాయి, పసుప్పచ్చగా, ఎవరో అక్షింతలు చల్లి పోయినట్టు. నాకైతే ఆ పేరు వినగానే ఆ గుడ్లే గుర్తొస్తాయి.

కొందరు దీన్నే ఆరుద్ర పురుగు అంటారు, తప్పు, అది తొలకరికి నేల మీద పాకే మెత్తటి మఖ్మల్ పురుగు, దానికి ఎనిమిది కాళ్లు, దీనికి ఆరే.

గుడ్లోంచి వచ్చే పిల్ల మాత్రం అమ్మలా అస్సలు ఉండదండి. నల్లగా బారుగా చిన్న మొసలి పిల్లలా ఉంటుంది, వీపు మీద నారింజ మచ్చలు. చాలా ఏళ్ల కిందట మా పత్తిలో వాటిని చూసి హడలిపోయి ఒకటి పట్టుకెళ్లి పురుగుమందుల షాపులో చూపిస్తే ఆయన కూడా సరిగ్గా చూడకుండా ఓ డబ్బా చేతిలో పెట్టాడు, నేను తెచ్చి కొట్టేశాను. అవి పోయాయి, పది రోజుల్లో ఆకు రసం పీల్చే పేనుబంక పురుగులు ఆకుల కింద ముద్దలు కట్టి ఆకులన్నీ జిగట జిగట. ఆ పేనుబంకని తినడానికే అవి వచ్చాయని తర్వాత తెలిసింది, అప్పటికే మందుకీ కూలికీ డబ్బు పోయింది.

అలాగని చుక్కలున్న ప్రతీదీ మంచిదేం కాదు, వంకాయ ఆకుని జల్లెడలా గీకి తినే ఇరవై ఎనిమిది చుక్కల పురుగు కూడా ఈ కుటుంబమే, మా వైపు దాన్నీ అక్షింతల పురుగే అంటారు. ఒంటి మీద సన్నటి నూగు ఉండి మెరుపు లేకపోతే అది ఆకు తినే రకం.

పిల్లలకి కథ కావాలంటే కాలిఫోర్నియాది వెయ్యండి, 1888లో అక్కడి నారింజ తోటల్ని పొలుసు పురుగు నాశనం చేస్తుంటే ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి ఈ జాతి పురుగుల్ని పంపాడు, ఒకటి రెండేళ్లలో తోటలు తేరుకున్నాయి.

నిన్న చిక్కుడు పాదు మీదున్నదాన్ని మనవరాలు అరచేతిలోకి తీసుకుంది, అది భయపడి కాళ్ల కీళ్లలోంచి పసుప్పచ్చటి చుక్క వదిలింది, పిల్ల వాసన చూసి "ఛీ, కంపు" అని చెయ్యి దులిపేసింది. పిట్టలు తినకుండా దాని ఏర్పాటు అది.

ఈసారి వేసేటప్పుడు ఆ నల్ల పిల్ల ఫొటో కూడా పక్కనే వెయ్యండి, కింద తెలుగు పేరు పెట్టి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, గుంటూరు జిల్లా